చుక్క గుర్తు పెట్టిన గొంతు

రామూర్తి మావ పెళ్ళిలో అందరూ మాట్లాడుతున్నారు కానీ ఒక్క మాట కూడా వినిపించదు. నోళ్ళు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, ఎవరో పెద్దాయన కెమెరా వైపు వేలు చూపించి కోపంగా ఏదో అంటాడు, వాటన్నిటి మీదా ఒకటే సన్నాయి, వీడియో తీసినవాడు తర్వాత తీరిగ్గా కూర్చుని అతికించినది, ఆపకుండా మోగుతూ ఉంటుంది. కాశీబుగ్గలో బాబ్జీ స్టూడియో వెనక గదిలో, పాస్‌పోర్టు ఫోటోలకి కట్టిన నీలం గుడ్డ పక్కన, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని నేనూ పిన్నీ ఈ మూగ పెళ్ళి చూస్తున్నాం. ఇందులో ఎక్కడో మా అమ్మ ఉంది. నాకు ఏడాది నిండకముందే పోయిన అమ్మ, ఒక్క ఫోటోలో తప్ప నేను చూడని అమ్మ, గొంతు ఎలా ఉండేదో నాకు తెలియని అమ్మ. రామూర్తి మావ అమ్మకి పినతండ్రి కొడుకు. పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద పెళ్ళి క్యాసెట్ దొరికిందని ఫోన్ చేశాడు. "మీయమ్మ ఉండాల అందల, లచ్మీప్రియా. బువ్వలకాడ తెగ తిరిగీసింది" అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని విశాఖపట్నంలో నా క్లాసులు ఇంకొకరికి అంటగట్టి పలాస రైలెక్కాను.

బాబ్జీ ముందే చెప్పేశాడు. "బూజు పట్టీసింది మేడమ్. స్పిరిట్ పెట్టి తుడిసినాను. ఓపాలి ఆడిత్తే ఆడినట్టు, రెండోపాలికి నానేటీ సెప్పలేను." క్యాసెట్ ఎంతసేపు నడుస్తుందో కంప్యూటర్లోకి ఎక్కడానికీ అంతసేపు పడుతుందట, ముందుకి తిప్పితే టేపు తెగుతుందట, కాబట్టి పెళ్ళి దాని నడక అది నడవాల్సిందే, మనం కూర్చోవాల్సిందే. మరి ఈ సన్నాయి ఎంతసేపని అడిగాను. తలంబ్రాలదాకా ఇదే, భోజనాల దగ్గర మాత్రం అప్పట్లో వీడియోవాళ్ళు పాటలు వేసేవాళ్ళు కాదు, ఉన్న గోల ఉన్నట్టే వదిలేసేవాళ్ళు, అన్నాడు. నా ప్రాణం ఇప్పుడు ఆ గోలలో ఉంది. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవడో బద్ధకించి పాట వెయ్యకుండా వదిలేసిన కాస్త గోలలో. బద్ధకస్తుల మీద నాకు ఎప్పుడూ లేని గౌరవం కలుగుతోంది.

నా ఉద్యోగమే అది, వినపడని గొంతులని వినడం. పిల్లలకి మొదటి క్లాసులోనే చెబుతాను: సంస్కృతంలో పితర్, లాటిన్‌లో పాతెర్, ఇంగ్లీషులో ఫాదర్, ఎక్కడెక్కడి మనుషులో, ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు, అయినా మాట ఒక్కలాగే ఉంది, ఎందుకంటారు? కాపీ కొట్టారు మేడమ్ అంటాడు వెనక బెంచీవాడు. అందరూ నవ్వుతారు. అదీ ఒక జవాబే అంటాను నేను. ఒకరి దగ్గర ఒకరు ఎరువు తెచ్చుకోవచ్చు, ఊరికే కలిసిపోవచ్చు, లేదా ఒకే తల్లి పిల్లలై ఉండొచ్చు, ఏదో తేల్చడమే మన పని. ఎరువు కాదు, కాకతాళీయం కాదు అని తేలాక, పిల్లల నోళ్ళని బట్టి ఆ తల్లి ఎలా మాట్లాడేదో వెనక్కి కట్టుకుంటూ పోతాం. వేల ఏళ్ళ కిందటి భాష, ఎవరూ రాయలేదు, ఏ రాతి మీదా చెక్కలేదు, నల్లసముద్రానికి పైన గడ్డిమైదానాల్లో పశువులు కాచుకునేవాళ్ళు మాట్లాడి ఉంటారని ఎక్కువమంది నమ్మకం. అలా కట్టిన మాట ముందు నక్షత్రంలా ఉండే ఒక చుక్క గుర్తు పెడతాం. ఇది ఎవరూ విన్నది కాదు, మేం ఊహించి కట్టింది అని దాని అర్థం. చిన్నప్పుడు అమ్మ ఏదని అడిగితే చుక్క అయిపోయిందని ఎవరో ఆకాశంలోకి చూపించారట, అక్క చెబుతుంది, నాకు గుర్తులేదు. ఆ కథకి నేను ఏడ్చిన దాఖలా కూడా లేదు. కానీ ఎమ్మేలో మొదటిసారి ఒక మాట ముందు ఆ చుక్క చూసినప్పుడు మాత్రం పుస్తకం మూసేసి, హాస్టల్ డాబా మీదికి వెళ్ళి కూర్చున్నాను.

అమ్మనీ అలాగే కట్టాను. దానికి కావలసిన సరుకు ఇంట్లోనే ఉంది: అన్నయ్య ధనుంజయ్, అక్క ప్రవల్లిక, నేను. అమ్మ పోయేటప్పటికి అన్నయ్యకి ఆరేళ్ళు, అక్కకి నాలుగు. ముగ్గురం మూడు రకాల మనుషులం. అన్నయ్య టెక్కలిలో మోటార్లు అమ్ముతాడు, అక్క సోంపేటలో బడిపంతులమ్మ, నేను ఇలా ఏ పనికీ రాని పురాతన భాషల పంచాయితీలో పడ్డాను. అయినా ముగ్గురికీ కొన్ని ఒక్కలాగే ఉంటాయి. ముగ్గురం గొంతు ఎత్తం. అన్నయ్య కొట్లో బేరమాడుతుంటే ఎదుటివాడు చెవి ముందుకి పెట్టాలి. కోపం వస్తే ముగ్గురం ఇంకా నెమ్మదిగా మాట్లాడతాం. నవ్వితే చప్పుడుండదు, భుజాలు మాత్రం కదులుతాయి. అన్నిటికన్నా వింతైనది, పసిపిల్లలని పడుకోబెట్టే పద్ధతి. లోకంలో అందరూ వీపు మీద తడతారు, లేదా ఉయ్యాల ఊపుతారు. అన్నయ్య తన కూతుర్ని అరికాలి మీద తట్టి పడుకోబెడతాడు. రెండు వేళ్ళతో, నెమ్మదిగా. అక్కా అంతే. నాకు పిల్లల్లేరు, కానీ నిద్ర పట్టనప్పుడు నా ఒక పాదంతో రెండో అరికాలిని తట్టుకుంటూ ఉంటానని హాస్టల్లో నా రూమ్మేటు కనిపెట్టింది. ఒకసారి అక్క కొడుకు మంచం దగ్గర దీన్ని చూసి అడిగితే, "అమ్మ ఇలాగే సేసీది. నాకు ఆ ఒక్కటే గుర్తు, సెయ్యి గుర్తు, మొహం గుర్తులేదు" అంది. మూడు శాఖల్లో ఒకే లక్షణం, పైగా అరుదైనది, పైగా ఒక సాక్షి. ఇంతకన్నా ఏం కావాలి. చుక్క గుర్తు పెట్టాను: నెమ్మదైన గొంతు, చప్పుడు లేని నవ్వు, అరికాలి మీద రెండు వేళ్ళు. మా అమ్మ.

తెర మీద పెళ్ళికూతురు బుట్టలో వచ్చింది. మేనమామ మోసుకొస్తూ గుమ్మం దగ్గర తూలాడు, అందరూ నవ్వుతున్నారు, సన్నాయి మోగుతోంది. పిన్ని పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుని, సంచిలోంచి నీళ్ళ సీసా తీసి నాకిచ్చింది. ఏమీ అనలేదు. ఏమీ అనదు. అసలు ఈవిడ ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. క్యాసెట్ రామూర్తి మావ మా ఊరికి పంపించాడు, దాన్ని ఎవరితోనో పంపించమంటే, "నాను తెత్తాన్లే" అని మా ఊరి స్టేషను సుమ్మాదేవిలో పాసింజరు ఎక్కి తనే పట్టుకొచ్చేసింది. ఇచ్చేసి వెళ్ళిపోతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకు కొంచెం చిరాకు వేసిన మాట నిజం. అమ్మని మొదటిసారి చూసేటప్పుడు పక్కన ఎవరుండాలో నేను ఎంచుకోవలసి వస్తే పిన్ని పేరు చివర్న వస్తుంది, ఆవిడ చెడ్డదని కాదు, ఆవిడకేం సంబంధం అని. అమ్మని ఆవిడ చూడనైనా లేదు. అమ్మ పోయిన ఏడాదికి నాన్న ఇచ్ఛాపురం నుంచి చేసుకొచ్చిన మనిషి. పేరు వసంత. వండింది, ఉతికింది, మా ముగ్గురికీ జ్వరాలొస్తే కూర్చుంది, ఇన్నేళ్ళూ ఒక్క మాట ఎక్కువా మాట్లాడలేదు, ఒక్క మాట తక్కువా మాట్లాడలేదు. తనకి పిల్లలు పుట్టలేదు. చల్లటి మనిషి అంటుంది అక్క. ఉప్పు వెయ్యని కూర అంటాడు అన్నయ్య.

ఈ నీళ్ళు మా ఊళ్ళో కొన్న క్యాన్‌లోవి, పిన్ని పట్టుకొచ్చింది, బయట నీళ్ళు తాగనివ్వదు. కొబ్బరితోటల మా ఉద్దానంలో నీళ్ళ గురించి ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు, ప్రతి వీధిలోనూ కిడ్నీలు పోయినవాళ్ళున్నారు, నీళ్ళే కారణమని కొందరు, కాదని కొందరు, డాక్టర్లు ఇంకా తేల్చలేదు. పిన్ని చిన్నప్పటి భాషలో నీళ్ళు పాణి. వాళ్ళది ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు. పాణి అంటే సంస్కృతంలో పానీయం, తాగదగినది అని, ఆ వేరు నడుచుకుంటూ వెళ్తే గడ్డిమైదానాలదాకా వెళ్తుంది. అదే సంస్కృతంలో నీరం అన్న మాట మాత్రం మనవైపు నుంచి వెళ్ళిందని చాలామంది అంటారు. అంత దూరం నుంచి గుర్రాల మీద వచ్చినవాళ్ళు కూడా దాహమేస్తే ఇక్కడివాళ్ళనే అడిగారన్నమాట. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు కానీ భాషలో ఎరువు సొమ్ముని ఎవరూ తిరిగివ్వరు, కొన్నాళ్ళకి ఎవరిదో కూడా మరిచిపోతారు. ఆ గడ్డిమైదానాలవాళ్ళకి కొబ్బరికి మాట లేదు, ఉద్దానం వాళ్ళకి అదెంత దరిద్రంగా తోస్తుందో. మంచుకి మాత్రం ఉండేది. ఇంగ్లీషువాడి స్నోకీ మన స్నేహానికీ ఒకే వేరని కొందరంటారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. మంచు కురవని దేశానికి వచ్చాక ఆ మాట ఊరికే ఉండలేక జిగురయి, నూనె అయి, చివరికి ప్రేమ అయిందని. క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీవాడు కూడా నోరు మూసుకున్నాడు. ఏ మాటైనా వాడే చోటు పోతే చచ్చిపోదు, ఇంకో పనికి కుదురుకుంటుంది. మనుషులూ అంతే కాబోలు, ఇచ్ఛాపురం నుంచి పిన్ని వచ్చి ఒడియా మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేని ఊళ్ళో ఏం చేసింది, ఎవరితో మాట్లాడింది, నేను ఎప్పుడూ అడగలేదు. అడగాలని తోచలేదు. పిన్ని గురించి నాకు కుతూహలం పుట్టడం ఇదే మొదటిసారేమో, అది కూడా పక్కన పనేమీ లేక.

తలంబ్రాలు మొదలయ్యాయి. నాకు భయంగా ఉంది, దాన్ని కుతూహలం అని పిలుచుకుంటున్నాను. ఈ శాస్త్రంలో ఒక ముచ్చట ఉంది, నేను ప్రతి ఏడూ చెబుతాను, ప్రతి ఏడూ నాకే కొత్తగా ఉంటుంది. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడొకడు కాగితం మీద లెక్కలు వేసి, తల్లిభాషలో ఒక ధ్వని ఉండి తీరాలి, కూతుళ్ళందరిలోనూ అది పోయింది కానీ పోయిన చోటల్లా గుర్తు వదిలింది అన్నాడు. ఎవరూ విన్నది కాదు. చాలామంది నవ్వారు. అతను ఆ మాట అన్న దాదాపు అర్ధశతాబ్దానికి, అతను పోయాక, టర్కీ తవ్వకాల్లో బయటపడిన మట్టిపలకల్లో ఒక పాత భాష చదవగలిగితే, సరిగ్గా అతను చెప్పిన చోట్లలో, ఆ ధ్వని ఉంది. లేనిదాన్ని లెక్కకట్టి, తర్వాత చేత్తో తాకగలగడం అంటే అది. ఈ బూజు పట్టిన క్యాసెట్ నా మట్టిపలక. నేను కట్టిన అమ్మ ఇందులో ఉంటే, ఆ నెమ్మది గొంతు ఇందులోంచి వస్తే, ఇన్నేళ్ళూ ఆవిడ నాతోనే ఉన్నట్టు. లేకపోతే? లేకపోతే నేను ముప్ఫై ఏళ్ళుగా ఎవరి ఒళ్ళో పడుకున్నట్టు?

తప్పయ్యే వీలు లేదు, అన్నీ సరిచూశాను. ఎరువు కావచ్చా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను కదా, పిన్ని దగ్గర నేర్చుకున్నామేమో అని. పిన్ని వచ్చాక కొన్నాళ్ళకే అన్నయ్యని టెక్కలి హాస్టల్లో వేశారు, ఆవిడ నీడ అతని మీద పడలేదు, అయినా అతనిలో ఆ లక్షణాలు ఉన్నాయి, కాబట్టి అవి పిన్ని కన్నా ముందువి. పిన్ని అరికాలు తట్టడం నేనెప్పుడూ చూడలేదు. పిన్ని మాట్లాడకపోవడం వేరు, అమ్మ నెమ్మది వేరు, ఒకటి మౌనం, ఒకటి స్వభావం. పైగా అమ్మమ్మ అప్పలనరసమ్మ సాక్ష్యం. బతికున్నన్నాళ్ళూ ఒకటే మాట: "మా గౌరీశ్వరి గొంతు గడప దాటీది కాదు." చచ్చినవాడి కళ్ళు చారెడు అని సామెత ఉంది, నాకు తెలుసు, అందుకే అమ్మమ్మ మాట ఒక్కదాన్నీ నమ్మలేదు, మా ముగ్గురితో సరిపోయింది కాబట్టి నమ్మాను. సరిపోనిది ఒక్కటే. అన్నయ్య ఒకసారి, చాలా ఏళ్ళ కిందట, భోజనం చేస్తూ, "అమ్మ పిలిస్తే జీడితోటకి అవతలుంటే కూడా ఇనిపించీది" అన్నాడు. అదెలా కుదురుతుంది, ఇంకెవరితోనో కలగలిపేసి ఉంటావు, ఆరేళ్ళవాడివి అన్నాను. అవునేమోలే అన్నాడు. అన్నయ్య ఎవరితోనూ వాదించడు. మిగతా అందరిలో పోయి ఒక్క మూల మాత్రమే మిగిలిన వింత రూపం చాలాసార్లు అన్నిటికన్నా పాతది, దాన్ని పారెయ్యకండి అని పిల్లలకి పాఠం చెప్పేది నేనే. పారేసింది నేనే.

తెర మీద తెల్లటి చారలు పరుగెత్తాయి, బొమ్మ వంగింది, సన్నాయి గొంతు సాగి సాగి ఆగిపోయింది. నా చెయ్యి పిన్ని చెయ్యి మీద పడింది, ఎలా పడిందో తెలియదు. బాబ్జీ లేచి మిషను మీద చెయ్యి వేసి ఊరికే నిలబడ్డాడు, పాముని నిమురుతున్నట్టు. "ఉండండి. వత్తాది" అన్నాడు. వచ్చింది. గోల. పళ్ళేల చప్పుడు, విస్తళ్ళ మీద నీళ్ళు చల్లే చప్పుడు, ఎవరో సాంబారు సాంబారు అంటున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, కొబ్బరితోటలో పందిరి, తాటాకు సందుల్లోంచి ఎండ, బల్లలు, వరసగా వంచిన తలలు. నేను తలలన్నీ వెతుకుతున్నాను, మూలన నిలబడ్డ మనిషి కోసం, నెమ్మదిగా వడ్డించే చేతుల కోసం. ఆకుపచ్చ చీర ఒకామె తల వంచుకుని నేతి గిన్నెతో పోతోంది, ఆవిడేనా, మొహం తిప్పితే కాదు. ఇంకొకామె గోడ పక్కన, కాదు.

అప్పుడు కెమెరా వెనక నుంచి, కెమెరా కదిలేంత గట్టిగా, ఒక గొంతు. "ఓరి, ఆ మూలకి పప్పు ఎల్లనేదు. కళ్ళు ఎక్కడున్నాయిరా నీకు, కొబ్బరిసెట్టు మీదున్నాయేటి?" కెమెరా తిరిగింది. ఎర్ర చీర, కొంగు నడుముకి దోపి, చంకలో బోసినోటి పిల్ల, రెండో చేతిలో గరిట. ఫోటోలోని మొహమే, కానీ ఫోటోలో ఎవరో బిగించిన నోరు ఇక్కడ విప్పేసి ఉంది. "నన్నేటి తీత్తావు, పెళ్ళికూతుర్ని తియ్యి, డబ్బులిచ్చింది ఆళ్ళు" అని వీడియోవాడితో అని నవ్వింది. ఆ నవ్వు ఎలా చెప్పను. నోరంతా తెరిచి, తల వెనక్కి వేసి, పందిట్లో తింటున్నవాళ్ళు తలలెత్తి చూశారు. చంకలో పిల్ల ఆ చప్పుడుకి బెదిరి ఏడ్చింది. ఆ పిల్ల నేనే. ఆవిడ నన్ను ఒక్క ఊపున భుజం మీదికి ఎగరేసి వీపు మీద దబదబా బాదుతూ, "వొల్లకుండు గుంటా. నీ గొంతు నా గొంతుకి సరిపోద్దేటి" అంది. ఇంకా బాదుతూనే, ఇంకా నవ్వుతూనే, సాంబారు వాడి వెంట పడి కెమెరా లోంచి బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా చాలాసేపు గొంతు వినిపించింది, మనిషి కనిపించకుండా.

"సౌండు తగ్గించమంటారేటి మేడమ్?" అని బాబ్జీ అడిగాడు. వద్దన్నాను.

అంతా తప్పు. ఒక్కటి కూడా కలవలేదు, నెమ్మది లేదు, చప్పుడు లేని నవ్వు లేదు, అరికాలు లేదు. నాకు ఏడుపు వచ్చింది, కానీ ఆ ఏడుపు పక్కనే ఏదో గంతులు వేస్తోంది, అమ్మ నాతో మాట్లాడింది, నన్ను గుంటా అంది, పిల్లా అన్నట్టు, అమ్మ గయ్యాళి, అమ్మ నాకు నచ్చింది, ఆవిడ నాకు అస్సలు తెలియదు, తెలుసుకోవాలని ఉంది. మరి నేను కట్టిన మనిషి ఎవరు? ముగ్గురిలోనూ ఒక్కలాగే ఉన్నది అమ్మది కాకపోతే ఎక్కడి నుంచో రావాలి, గాలిలోంచి రాదు. హాస్టల్లో వేశారు సరే, అన్నయ్య సెలవులకి ఇంటికి రాలేదా? ఏడాదికి ఒక ఎండాకాలం చాలదా ఒక పిల్లాడికి? పిన్ని అరికాలు తట్టడం నేను చూడలేదు నిజమే, ఎలా చూస్తాను, మా ఇంట్లో ఆఖరి పసిపిల్లని నేనే, తట్టించుకుంటున్నవాళ్ళు కళ్ళు మూసుకుని ఉంటారు. అక్కకి గుర్తున్నది చెయ్యి, మొహం కాదు. పక్కకి తిరిగి చూశాను. పిన్ని నా వైపు చూడటం లేదు. తెరనే చూస్తోంది, నోరు కొంచెం తెరుచుకుని, ముందుకి వంగి, గారడీ చూస్తున్న పిల్లలా.

"అరికాలు తట్టడం నీదా పిన్నీ?" అన్నాను.

"మాయమ్మ సేసీది, ఇచ్ఛాపురంల" అంది, తెర మీంచి చూపు తియ్యకుండా. "నాను వొచ్చిన కొత్తల నువ్వు నాకాడ నిద్దరోయీదానివి కావు. కాలు తడితే పడుకున్నావు."

"మరి అక్క అది అమ్మది అనుకుంటే ఊరుకున్నావేం?"

"ఏటని సెప్పాల? అమ్మ సెయ్యి గుర్తుందని మురిసిపోతంది. పోన్లే, ఉండనీ అనుకున్నాను. ఎవులిదైతే ఏటి, పిల్లలు నిద్దరోయినారు గదా." అంత పొడుగు మాట పిన్ని నోట నేను ఎప్పుడూ వినలేదు. ఇంకా ఉందని ఆవిడ మొహం చెబుతోంది. తెర మీద ఎవరో ముసలాయన పెరుగన్నం తింటున్నాడు, ఎక్కడో దూరంగా అమ్మ గొంతు ఇంకా ఎవర్నో తగులుకుంటోంది, పిన్ని ఆ గొంతు వచ్చే వైపు చెవి పెట్టి వింటోంది. "ప్రియా, ఇదేనా మీయమ్మ? నిజంగా?"

"ఇదే."

"మరి మీ అమ్మమ్మ నాతో అలగ సెప్పిందేటి?" అంది. కోపం కాదు, ఆశ్చర్యం. "నాను గడపల అడుగెట్టిన దినమే సెప్పింది. మా గౌరీశ్వరి గొంతు గడప దాటీది కాదు, ఈ పిల్లలు ఆ గొంతుకి అలవాటు పడ్డారు, సూసుకో అమ్మా అని. నాదేమో పెద్ద గొంతు. మాయింట ఎనిమిదిమందిమి, గొంతెత్తకపోతే ఎవులికీ కూడు దొరకదు. బాహుదా ఏటికాడ నాను పిలిత్తే అవతల గట్టున గేదెలు తలెత్తి సూసీవి. పిల్లలు బెదిరిపోతారు గదా అని అణిసీసుకున్నాను. నవ్వు కూడా. కొన్నాళ్ళే అనుకున్నాను. తరవాత అదే అలవాటైపోనాది." మళ్ళీ తెర వైపు తిరిగింది. "లేని మనిషితోటి పోటీ అనుకున్నాను. ఉన్న మనిషిని ఇప్పుడు సూత్తన్నాను."

కూతురు పోయిన ముసలావిడ దుఃఖంలో లేని కూతురినొకదాన్ని కట్టింది. ఆ లేని కూతురిని చూసి పిన్ని తనని తాను మళ్ళీ కట్టుకుంది. పిన్నిని చూసి మేం ముగ్గురం తయారయ్యాం. మా ముగ్గురినీ చూసి నేను మళ్ళీ ఆ లేని మనిషినే కట్టి, చుక్క గుర్తు పెట్టి, అమ్మా అన్నాను. ఎవరూ మాట్లాడని భాష ఒకటి మా ఇంట్లో ఇన్నేళ్ళూ అందరం మాట్లాడాం. దానికి తల్లి లేదు, ఎవరి గొంతూ కాదు అది. నాకు సిగ్గు వెయ్యలేదు, శాస్త్రం మీద కోపం రాలేదు. పిన్ని మీద నాకు ప్రేమ వచ్చింది, ఆ మాటే వాడాలి, ఇంకో మాట సరిపోదు. ఆవిడ ఎందుకొచ్చిందో కూడా అర్థమైంది. నేను అమ్మని చూడటానికి వచ్చాను, ఆవిడ కూడా అందుకే వచ్చింది, బహుశా నాకన్నా ఎక్కువగా. ఎవరి కోసం గొంతు అణుచుకుందో ఆ మనిషిని ఒక్కసారి చూడాలని.

పెళ్ళి అయిపోయింది. అప్పగింతల దగ్గర మళ్ళీ సన్నాయి వేశారు, ఏడుపులేవీ వినిపించలేదు. బాబ్జీ పెన్‌డ్రైవ్ కవర్లో పెట్టి ఇచ్చి, అన్నీ ఎక్కాయి మేడమ్, భోజనాలు ఫస్టుగా ఎక్కాయి అన్నాడు. "ఆవిడ మీ సుట్టమేటి? మంచి గొంతు. మైకక్కర్లేదు" అన్నాడు. మా అమ్మ అన్నాను. పిన్ని సంచి సర్దుకుంటూ ఆ మాట విని తల ఊపింది, అవును అన్నట్టు. ఇద్దరం మెట్లు దిగాం. బయట కాశీబుగ్గ రోడ్డు మండిపోతోంది, జీడిపప్పు బాక్సులు ఎత్తుతున్న లారీ రోడ్డుకి అడ్డంగా ఆగి హారన్లు, బస్సులు, పండ్ల బళ్ళు. నేను అడగాలనుకున్నవి బోలెడున్నాయి, గేదెల గురించి, ఎనిమిదిమంది గురించి, వచ్చిన కొత్తలో ఒడియా ఎవరితో మాట్లాడేదో, ఏకాంతంగా ఉన్నప్పుడు నవ్వేదా అని. స్టేషనుకి వెళ్ళాలి, ఆవిడ పాసింజరు వేళయింది, ఉన్న ఒక్క ఆటో అవతలి వైపు పండ్ల బండి దగ్గర ఆగి ఉంది, డ్రైవరు ఎవరితోనో కబుర్లలో ఉన్నాడు. నేను చెయ్యి ఎత్తి ఊపాను. చూడలేదు. నా గొంతుతో పిలిచాను, అది నా పక్కనున్న మనిషికి కూడా వినిపించి ఉండదు.

పిన్ని నా వైపు ఒకసారి చూసింది. సంచి కింద పెట్టింది. మెట్టు అంచున నిలబడి, ఊపిరి తీసుకుని, "ఓరి ఆటో, ఇటు రారా" అంది. లారీ మీద కూలీలు తలలు తిప్పారు. పండ్ల బండివాడు చేతిలో కాయ చేతిలోనే ఉంచి చూశాడు. స్టూడియో లోపలి నుంచి బాబ్జీ గుమ్మంలోకి వచ్చాడు. ఆ గొంతు అమ్మది కాదు, అమ్మ గొంతు కంచులా ఉంది, ఇది బరువుగా, చివర్న ఒడియా వాళ్ళ సాగదీతతో, అటు చివర బజారుదాకా వెళ్ళింది. డ్రైవరు కంగారుగా బండి తిప్పాడు, లారీ పక్క నుంచి దూర్చుకుంటూ మా వైపే వస్తున్నాడు. వస్తున్నాడని ఆవిడకీ కనిపిస్తూనే ఉంది. అయినా పిన్ని ఇంకోసారి పిలిచింది.